గుణదల వెళ్ళొచ్చాక మళ్ళీ చర్చికి

మాది బొబ్బిలి దగ్గర పల్లె. కెనడా బాప్తిస్టు మిషనరీలు బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు తిరిగిన కాలం నుంచీ మా ఇంట్లో బైబిలు ఉంది, మేరీమాత మాత్రం లేదు. విగ్రహం ఉన్నచోటికి వెళ్ళడమంటే మా నాయనమ్మ లెక్కలో దారి తప్పడమే. అలాంటి ఇంట్లో పుట్టి నేను విజయవాడ గుణదల కొండ మీది మేరీమాత ఉత్సవానికి వెళ్ళానంటే భక్తితో కాదు, అక్కడైతే నన్నెవరూ గుర్తుపట్టరని.

నేను హైస్కూల్లో ఉండగా మా మందిరం పాస్టరు ‘ఒంటరి ప్రార్థన’ అని లోపలి గదికి పిలిచేవాడు. ఏం జరిగిందో ఇక్కడ విప్పి రాయను. ఇంట్లో చెబితే అమ్మ ఏడ్చింది. సంఘ పెద్దలు మాత్రం అభిషేకం పొందినవారిని ముట్టకూడదు అన్న ఒక్క వచనం పట్టుకుని మా నోళ్ళు మూయించారు. పెళ్ళయి విజయనగరం వచ్చాక కూడా ఎక్కడైనా ఎకో పెట్టిన మైకులో స్తుతి మొదలైతే నా చేతులు చల్లబడిపోయేవి, ప్రార్థన చేస్తామని ఎవరైనా తల మీద చెయ్యి పెట్టబోతే లేచి వెళ్ళిపోయేదాన్ని. దేవుడి మీద కోపమా అని మా ఆయన అడిగేవాడు. కోపం కాదు, ఆయన దగ్గరికి వెళ్ళాలంటే మళ్ళీ ఆ గదిలోంచే వెళ్ళాలేమో అనిపించేది.

పక్కింటి పిన్ని కేథలిక్కు. విషయం ఎంత తెలుసో ఏమో, “ఒలే, దండం పెట్టకపోతే మానీ. కొండెక్కి గాలికి కూకో, ఎవులూ ఏటీ అడగరు” అంది.

రాయగడ–గుంటూరు బండి ఎక్కాం. అది పార్వతీపురం, బొబ్బిలి జనాన్నంతా నింపుకుని వస్తుంది. ఎవరికీ కనపడకూడదని బయల్దేరి మా ఊరి వాళ్ళుండే బండే ఎక్కానని గుర్తొచ్చి ఒకటే టెన్షన్. పై బెర్తులో ముసుగేసుకుని ఫోన్లో బైబిలు కీర్తనలు తెరిచాను. 55వ కీర్తనలో ఒకడు మొరపెట్టుకుంటాడు, శత్రువు చేసుంటే ఓర్చుకునేవాణ్ణి, చేసింది నువ్వు, దేవుని మందిరానికి నాతో కలిసి నడిచినవాడివి అని. ఇన్ని ఆదివారాల్లో ఈ మాట ఎవరూ నాకు చదివి వినిపించలేదు. ఆ పెద్దల వచనం కూడా వెతికాను, 105వ కీర్తన. అక్కడ అభిషిక్తులంటే అధికారంలో ఉన్నవాళ్ళు కారు, సొంత నేల లేక దేశాలు పట్టుకు తిరుగుతున్న కొద్దిమంది. వాళ్ళ జోలికి రావద్దని దేవుడు గద్దించింది రాజుల్ని! మా పెద్దలు దాన్ని నా మీదికి తిప్పారు.

గుణదలలో ఉత్సవం ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. కొండ కింద గుండు చేయించుకునేవాళ్ళు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, హిందువులు కూడా బోలెడుమంది. మా నాయనమ్మ చూసి ఉంటే చాలా గొడవయ్యేది. విగ్రహాన్ని 1924లో ఆర్లాటి అనే ఫాదర్ పెట్టించారట. 11వ తేదీయే ఎందుకని అడిగితే పిన్ని మెట్లెక్కుతూ లూర్దు కథ చెప్పింది. ఫ్రాన్సులో 1858లో అదే తేదీన బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పేదింటి పిల్లకు మేరీమాత మొదటిసారి కనిపించిందని వాళ్ళ నమ్మకం. ఇంట్లోవాళ్ళు నమ్మలేదు, పోలీసులు పిలిచి ప్రశ్నలేశారు, చర్చి విచారణ పెట్టి 1862లో ఆ పిల్ల చెప్పింది నిజమేనంది. మేరీమాత కనిపించిందా లేదా అన్నది నేను తేల్చలేను, అంతకుమించి ఒక పిల్ల మాట మీద పెద్దవాళ్ళు కూర్చుని విచారణ జరిపారన్న దగ్గరే నేను ఆగిపోయాను. నాది ఎవరూ అడగనైనా అడగలేదు.

పూజ మధ్యలో మైకు హోరు పెరిగేసరికి లేచి బయటికి వచ్చేశాను. ఎవరూ తిరిగి చూడలేదు. నీళ్ళు తాగి వచ్చి అదే చోట కూర్చుంటే పక్కనావిడ కాస్త జరిగింది, అంతే. మా మందిరంలో మధ్యలో లేస్తే సాతాను లేపాడనేవారు. ఆ తర్వాత పాట వస్తే పాడాను, గొంతు పూర్తిగా రాలేదు గానీ పాడాను. పిన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది, అందుకు ఆవిడకి రుణపడి ఉంటాను.

నేను కేథలిక్కునైతే కాలేదు. విజయనగరంలో ఒక పాత చర్చికి వెళ్తున్నాను, గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుంటాను. తల మీద చేతులుంచొద్దని ముందే చెప్పేశాను. ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవడానికి ఇంకా మనసు రాలేదు. క్షమించేస్తే తేలికవుతుంది అమ్మా అని ఒకాయన సలహా ఇచ్చాడు. క్షమించడం, మానడం నేను చూసుకుంటాను, మీరు పిల్లల సంగతి చూడండి అన్నాను. పాస్టరమ్మగారితో మాట్లాడి పోక్సో చట్టం గురించి చెప్పాను. 2012 నాటి ఆ చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదీ నేరమే, సంఘ పెద్దలు కూర్చుని సర్దేసే విషయం కాదు. ఆవిడ శ్రద్ధగానే విన్నారు. సండేస్కూలు గది తలుపుకి అద్దం పెట్టించమని, పిల్లల్ని ఒంటరిగా ఎవరి దగ్గరా కూర్చోబెట్టొద్దని అడిగాను. రెండోది అదే వారం మొదలుపెట్టారు. అద్దానికి డబ్బుల్లేవంటున్నారు, కొత్త సౌండ్ బాక్సులకి మాత్రం ఉన్నాయి. ఈ ఆదివారం మళ్ళీ అడుగుతాను.