ఫారంలో రాసిన తెలుగు

"నువ్వు ఫారంలో అబద్ధం రాశావు నాన్నా" అని మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఈ వేసవిలో, కోనసీమలోని మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషులోనే తీర్పు చెప్పింది.

అంతకు ముందు జరిగింది చిన్న సంగతే. పెరట్లో కొబ్బరి దింపు నడుస్తుండగా పిల్ల చెట్ల కిందికి వెళ్లబోయింది. "అటెళ్లకే, కాయ మీద పడుద్ది!" అని మా అమ్మ రెండుసార్లు కేకవేసినా ఆగకపోతే, మూడోసారి అమ్మే పరుగెత్తి రెక్క పట్టుకుని లాగింది. పొగరనుకున్నాను గానీ, మామ్మ మాట తనకు నిజంగానే అర్థం కాలేదట. ఎలా అవుతుంది? ఆ యాస అమెరికాలోని మా ఇంట్లో వినిపించదు. హైదరాబాదు హాస్టల్లో తోటివాళ్లు నా "ఆయ్"ను వెక్కిరించిన మొదటి నెలలోనే దాన్ని వదిలించుకున్న ఘనుణ్ని నేను.

ఇక ఫారం సంగతి. అమెరికా జనగణన శాఖ ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపే సర్వే నిరుడు మా ఇంటికీ వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా, అదేమిటి, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చు అని అయిదేళ్లు నిండిన ప్రతివారి గురించీ అందులో అడుగుతారు. ఇంగ్లీషుకు "చాలా బాగా" మొదలుకొని "అసలు రాదు" వరకు నాలుగు మెట్లున్నాయి. తెలుగు ఎంత వచ్చునని అడిగే గడి మాత్రం లేదు. ఆ ధైర్యంతోనే, పిల్ల పక్కన కూర్చుని చూస్తుండగా, దాని పేరు కింద "తెలుగు" అని రాశాను. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని ఇలాంటి లెక్కలే చెప్పినప్పుడు స్నేహితులందరికీ ఆ వార్త పంపి పొంగిపోయినవాణ్ని. అందులో మా అమ్మాయిలాంటి "తెలుగువారు" ఎందరో అప్పుడు తట్టలేదు.

పిల్లకు తెలియనిది ఇంకొకటుంది. దాన్ని బడిలో చేర్పించినప్పుడు కూడా ఇంటి భాష ఏమిటని అడిగారు. వేరే భాష రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారని, అవసరమైతే అదనపు తరగతిలో కూర్చోబెడతారని విని, ఏమాత్రం తడుముకోకుండా "ఇంగ్లీషు" అని రాశాను. బడి ఫారంలో రాసింది భయం, సర్వేలో రాసింది గొప్ప.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లీషు బడిలో ఎలాగూ వస్తుంది అని కొత్తగా వచ్చిన దంపతులకు నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఒకసారి ఫోనులో ఆ సలహా ఇస్తూనే, అల్లరి చేస్తున్న పిల్లను ఇంగ్లీషులో గదమాయించాను; అవతలివారు మర్యాదకు నవ్వలేదు. ఆ సలహా మంచిదో కాదో చెప్పే అర్హత నాకుందా అన్నదే ఇప్పటి నా అనుమానం.

ఆగస్టులో చిన్నవాణ్ని బడిలో చేర్పించాలి. ఫారం వచ్చి వారమైంది. తక్కినవన్నీ నింపాను, ఇంటి భాష గడి తప్ప.