బోరు నీళ్ళలో ఫ్లోరైడ్: డిగ్రీ పిల్లలతో కొలిచిన నా అనుభవం

అనంతపురం జిల్లాలో కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు పరిశోధనాంశం కోసం దూరం పోనక్కర్లేదు. బోరు నీళ్ళే చాలు. మా డిగ్రీ పిల్లలతో ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు ఎక్కడెక్కడ లెక్క తప్పిందో, ఎందుకు తప్పిందో రాస్తున్నాను. మీటరు ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకెను నమ్మి ఒక ఊరికి తాగండి అనో, వద్దు అనో చెప్పగలగాలి. శ్రమంతా అక్కడే.

ముందు నీళ్ళు పట్టడం. గాజు సీసాలు వద్దు, 250 మి.లీ. పాలిథీన్ సీసాలు వాడాలి. ట్యాంకు కొళాయి దగ్గర కాదు, మోటారు వేయించి పది నిమిషాలు పారనిచ్చి బోరు దగ్గరే పట్టాలి. అదే నీళ్ళతో సీసాను మూడుసార్లు తొలిచి నింపాలి. లోహాల పరీక్షకు యాసిడ్ కలిపే అలవాటున్న పిల్లలు ఇక్కడా కలపబోతారు, ఆపాలి. ఫ్లోరైడ్‌కు ఏమీ కలపకుండానే 28 రోజుల దాకా ఆగవచ్చు. ఒకసారి స్కెచ్ పెన్ను రాతలు తడికి చెరిగి ఆరు సీసాలు పారబోశాం. అప్పట్నుంచి మార్కరుతో సీసా మీదా, మూత మీదా నంబరు వేస్తున్నాం. బోరు ఎన్ని అడుగులో నోటుబుక్కులో ఉండాల్సిందే.

ఊళ్ళలో ఎక్కువగా వినే మాట: "ఈ బోరు నీళ్ళు శానా మంచివి సార్, పప్పు ఇట్టే ఉడుకుతాది." ఆ మాట వింటే నాకు గుబులే. పప్పు తొందరగా ఉడికిందంటే కాల్షియం తక్కువ, సోడియం బైకార్బనేట్ ఎక్కువ అయి ఉండొచ్చు. మన గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడ్ ఖనిజాలు కరిగేది అలాంటి నీళ్ళలోనే. బైకార్బనేట్ కాల్షియంను కార్బనేటుగా దింపేస్తుంది, ఫ్లోరైడ్ నీళ్ళలో మిగిలిపోతుంది. ద్రావణీయతా లబ్ధం (ఒక లవణం నీటిలో ఎంతవరకు కరిగి ఉండగలదో చెప్పే విలువ) పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాల్షియం ఫ్లోరైడ్‌కు ఆ విలువ 3.9 × 10⁻¹¹ అనుకుంటే, లీటరుకు 5 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీటిలో కాల్షియం సుమారు 22.5 మి.గ్రా. దాటి నిలవదు. ఈ లెక్క పిల్లలే కట్టి, ఈడీటీఏ (కాల్షియంను పట్టుకునే రసాయనం) టైట్రేషన్‌తో సరిచూస్తారు. 50 మి.లీ. శాంపిల్, పీహెచ్ 12 దాటేలా సోడియం హైడ్రాక్సైడ్, మ్యూరెక్సైడ్ సూచిక. 0.01 మోలార్ ఈడీటీఏ ఎన్ని మి.లీ. పడితే దాన్ని 8తో గుణిస్తే లీటరుకు కాల్షియం మి.గ్రా. వస్తుంది.

ఫ్లోరైడ్‌కు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికమున్న అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్‌కు స్పందించి మిల్లీవోల్టుల్లో రీడింగు ఇచ్చేది) వాడుతున్నాం. దానికి టిసాబ్ బఫరు (పీహెచ్‌నూ, అయాన్ల బలాన్నీ అన్ని ద్రావణాల్లో ఒకేలా ఉంచేది) ముఖ్యం. 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేసియల్ అసిటిక్ యాసిడ్, 58 గ్రా. సోడియం క్లోరైడ్, 4 గ్రా. సీడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) వేయాలి. బీకరును చన్నీళ్ళ తొట్టిలో ఉంచి, 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను కొంచెం కొంచెంగా పోస్తూ పీహెచ్‌ను 5.0 నుంచి 5.5 మధ్యకు తెచ్చి, చల్లారాక లీటరు చేయాలి. సీడీటీఏ మొదట కరగదు. పిల్లలు కంగారుపడి వేడిచేయబోతారు. క్షారం పడేకొద్దీ అదే కరుగుతుంది. పీహెచ్ 5 కంటే బాగా తగ్గితే కొంత ఫ్లోరైడ్ హెచ్ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్)గా మారి ఎలక్ట్రోడ్‌కు కనబడదు. పీహెచ్ మరీ పెరిగితే హైడ్రాక్సైడ్‌నే ఫ్లోరైడ్ అనుకుంటుంది. అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించేది సీడీటీఏ.

స్టాండర్డ్‌కు (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన, పోల్చిచూసే ద్రావణానికి) 221 మి.గ్రా. ఎండబెట్టిన సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న స్టాక్ వస్తుంది. అందులోంచి లీటరుకు 0.5, 1, 2, 5, 10 మి.గ్రా. స్టాండర్డ్స్ చేసుకుని, ప్లాస్టిక్ బీకర్లలో 10 మి.లీ. ద్రావణానికి 10 మి.లీ. టిసాబ్ కలపాలి. తక్కువ నుంచి ఎక్కువకే పోవాలి. 10 చూసిన ఎలక్ట్రోడ్‌ను సరిగా కడగకుండా 0.5లో పెడితే రీడింగు నిలవదు. స్ఫటికం కింద గాలి బుడగ చేరినా అంతే, ఎలక్ట్రోడ్‌ను కాస్త వంచి దింపాలి.

ఒక మధ్యాహ్నమంతా మిల్లీవోల్టులు జారుతూనే ఉన్నాయి. ఎలక్ట్రోడ్ చెడిపోయిందనుకున్నాం. తీరా చూస్తే మాగ్నెటిక్ స్టిర్రర్ వేడెక్కి బీకరును వేడిచేస్తోంది. బీకరు కింద థర్మోకోల్ ముక్క పెడితే సరిపోయింది. మే నెలలో అయితే స్టాండర్డ్స్, శాంపిల్స్ అన్నీ ముందురోజు నుంచే ఒకే గదిలో ఉంచాలి.

గ్రాఫు పిల్లలే గీయాలని నా పట్టుదల. 1 మి.గ్రా.కు 118 మిల్లీవోల్టులు, 10 మి.గ్రా.కు 60 వచ్చిందనుకోండి, వాలు 58. గాఢతకూ వోల్టేజికీ సంబంధం చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల దగ్గర 59.2 రావాలి కాబట్టి ఎలక్ట్రోడ్ బాగున్నట్టే. శాంపిల్ 98 చూపిస్తే, 118తో తేడా 20ని 58తో భాగించి యాంటీలాగ్ తీస్తే 2.2 మి.గ్రా. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 1.0 మి.గ్రా., వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా.

ఇక్కడే ఒక బ్యాచ్ పెద్ద తప్పు చేసింది. టిసాబ్ సగానికి సగం కలిపాం కదా అని ప్రతి ఫలితాన్నీ రెండుతో గుణించారు. స్టాండర్డ్స్‌నూ అలాగే పలచన చేశాం కాబట్టి గుణించే పనే లేదు. 0.9 ఉన్న బోరు కాగితం మీద 1.8 అయింది. ఊరికి ఇచ్చే ముందురోజు పట్టుకున్నాం. ఇచ్చి ఉంటే జనం ఆ మంచి బోరును వదిలేసేవాళ్ళు. ఇప్పుడు ప్రతి పది శాంపిల్స్‌కూ ఒకసారి, 1 మి.గ్రా. స్టాండర్డ్‌కే సీసా నంబరు వేసి పిల్లలకు చెప్పకుండా మధ్యలో పెడుతున్నాను. అది 0.9, 1.1 మధ్య రాకపోతే అంతకుముందు పదీ మళ్ళీ కొలవాలి.

ఊరికిచ్చే కాగితంలో మిల్లీవోల్టులూ, గ్రాఫులూ పెట్టం. ఏ బోరు తాగడానికి, ఏది స్నానాలకూ పశువుల కొట్టం కడగడానికీ అని పేరు పేరునా రాస్తాం. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదని, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందని పెద్ద అక్షరాలతో రాస్తాం. ఎందుకంటే వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు మొదట అడిగే ప్రశ్న అదే.