గంట వాన లెక్క

ఇంటి స్లాబు పోసే ముందు రోజు రాత్రి మా ఊరి మేస్త్రీ మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, వాన నీళ్లకు రెండించుల పైపు తెచ్చి పెట్టిన. మనకాడ వానలెక్కడియి, సాలు గదా?" అన్నాడు.

నేను సింగపూర్‌లో డార్మిటరీలో పై మంచం మీద ఉన్నాను. బయట వాన కుండపోతగా కురుస్తోంది. మా ఊరు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో, దేవరకద్ర దగ్గర. మే నెల. అక్కడ మామ చెమట తుడుచుకుంటూ మాట్లాడుతున్నాడు. ఇక్కడ వాన చప్పుడుకు ఆయన మాట సరిగ్గా వినపడక, నేను వరండాలోకి వెళ్లి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"మామా, పైపుల సంగతి తేలే దాకా కాంక్రీటు పోయొద్దు" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. కాంక్రీటు కలిపే మిల్లర్‌ను మాట్లాడి పెట్టాడు, ఇరవై మంది కూలీలకు చెప్పాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ స్లాబులో పైపుకు కన్నం వదలకుండా పోశాక మళ్లీ తొలచాలంటే కడ్డీలు తగులుతాయి, తొలిచినచోట జీవితాంతం చెమ్మ దిగుతుంది. ఆ రాత్రి దాదాపు రెండు గంటలు మాట్లాడుకున్నాం. గల్ఫ్ నుంచీ సింగపూర్ నుంచీ డబ్బు పంపి, కళ్లతో చూడకుండానే ఊళ్లో ఇల్లు కట్టిస్తున్న మావాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని ఆ రెండు గంటల మాటలు రాస్తున్నాను.

నేను 2014లో చెన్నైలో స్కిల్ టెస్ట్ రాసి ఇక్కడికి వచ్చాను. చేరింది ఇళ్ల కప్పులు బాగుచేసే చిన్న కంపెనీలో. సింగపూర్‌లో దాదాపు 80 శాతం మంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. సొంత నేల మీద కట్టుకున్న ఇళ్లు కొన్నే. ఆ ఇళ్ల కప్పులు, వాటి చూరు కాలువలు, కిందికి దిగే వాన గొట్టాలు, ఇవే మా పని. ఇక్కడ ఏడాదికి సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన. మా పాలమూరులో 600 దగ్గర. వచ్చిన కొత్తలో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకొని, ఇక్కడి పైపులో మూడో వంతు ఉంటే మన ఇంటికి సరిపోతుందని నేనూ మామలాగే అనుకున్నాను.

ఆ మాట మా ఫోర్‌మన్ అన్న ముందు అన్నప్పుడు ఆయన నవ్వలేదు. ఆయనది తమిళనాడులో ఎండు ప్రాంతం, పుదుక్కోట్టై వైపు. "తంబీ, మీ ఊళ్లో వాన పడితే గంటలో ఎంత పడుతుంది?" అని అడిగాడు. చిన్నప్పటి వానలు గుర్తొచ్చాయి. మా పాత ఇల్లు మట్టి మిద్దె. జూన్‌కు ముందే చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కేవాళ్లం. తొలకరి ఒక్కోసారి ఎంత గట్టిగా పడేదంటే, తూములోంచి నీళ్లు ధారగా కాదు, ముద్దగా దూకేవి. అమ్మ చేట నెత్తిన పెట్టుకొని మిద్దె ఎక్కి, కారేచోట కాలితో మన్ను అదిమేది. పావుగంటలో వాన అయిపోయేది. తర్వాత ఇరవై రోజులు మబ్బు ఉండేది కాదు.

అదే లెక్క. పైపు సైజు చూసుకోవాల్సింది ఏడాది వానతో కాదు, గంట వానతో. ఏడాదిలో నూట డెబ్బై రోజులు వాన పడే ఊళ్లోనూ, ముప్పై నలభై రోజులు పడే ఊళ్లోనూ, గట్టి వాన పడే ఆ పది నిమిషాలు మాత్రం దాదాపు ఒకటే.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా కూడికలు, గుణకారాలే. మా స్లాబు 1,200 చదరపు అడుగులు, అంటే 111 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల వేగంతో పది నిమిషాలు పడినా దాదాపు 1,850 లీటర్లు, తొమ్మిది డ్రమ్ముల నీళ్లు. పది నిమిషాల్లో తొమ్మిది డ్రమ్ములు కిందికి దిగాలి. మామకు ఇలా డ్రమ్ముల్లో చెప్పాకే ఆయన కాసేపు మాట్లాడకుండా ఆగాడు.

మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో దీనికి పట్టిక ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు నాలుగించుల పైపు దాదాపు 42 చదరపు మీటర్ల కప్పును మోస్తుంది. మూడించులది 20. రెండించులది ఆరున్నర. మా ఇంటికి నాలుగించులవైతే మూడు పైపులు చాలు, మూడించులవైతే ఆరు కావాలి. రెండించులవి పదిహేడు పెట్టాలి. మామ రెండే తెచ్చాడు.

రెండించులకు నాలుగించులు రెట్టింపే కదా అనిపిస్తుంది. పైపు నోటి వైశాల్యం నాలుగింతలవుతుంది, మోసే నీళ్లు ఆరింతలు దాటుతాయి. నిలువు పైపులో నీళ్లు నిండుగా పారవు. పైపు గోడను పట్టుకొని చుట్టూ జారుతూ దిగుతాయి, నడుమ గాలి ఉంటుంది. పైపు సన్నదైతే ఆ గాలికి దారి ఉండదు, గుడగుడమంటూ నీళ్లను ఆపేస్తుంది. ఫోర్‌మన్ అన్న ఇది నాకు పుస్తకంలో చూపించలేదు. ఒక ఇంటి కప్పు మీద రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి గుమ్మరించి, పైపు నోటి దగ్గర చెవి పెట్టమన్నాడు. ఇప్పటికీ పని అయ్యాక నేను ఆ చప్పుడు వినకుండా కిందికి దిగను.

ఇంకొక సంగతి కూడా నేను ఇక్కడే నేర్చుకున్నాను, అది కష్టం మీద. ఒక ఇంట్లో అందం కోసం వాన పైపును కాలమ్ లోపల దాచారు. అప్పట్లో పని చేసిన వాళ్లెవరో కప్పు మీద టైల్స్ వేస్తూ సిమెంటు నీళ్లు ఆ పైపులోకే కడిగారు. అది అడుగున పైపు మలుపులో, అంటే బెండులో, గట్టిపడింది. డిసెంబరు వానల్లో ఒక రాత్రి ఆ ఇంటి పై గది సీలింగ్ మొత్తం ఊడి మంచం మీద పడింది. అదృష్టం కొద్దీ అక్కడ ఎవరూ పడుకోలేదు. పొద్దున్నే మమ్మల్ని పిలిచారు. కాలమ్ పగలగొట్టకుండా ఆ పైపును చేరే దారే లేదు. ఆ ఇంటి ముసలామె పగిలిన సీలింగ్ ముక్కలు చేటలోకి ఎత్తుతుంటే నాకు మా అమ్మే కనిపించింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. వాన పైపు గోడ బయట, కంటికి కనపడేలా ఉండాలి. అందం కోసం కావాలంటే గోడ రంగే వేసుకోండి. అడుగున తొంభై డిగ్రీల బెండు ఒక్కటి కాకుండా నలభై ఐదు డిగ్రీలవి రెండు పెట్టి, మూత తీసి కడిగే వీలుండే ముక్క ఒకటి బిగించండి.

చాలామంది పైపు మాత్రమే చూస్తారు. నీళ్లు పైపు దాకా రావడమూ ముఖ్యమే. స్లాబు మీద పది అడుగులకు ఒక ఇంచు, ఇంచుంపావు వాటం ఉండాలి. ఆ వాటం పైపు నోటి దగ్గర చిన్న గుంటలా ముగియాలి. దాని మీద జాలీ బల్లపరుపుగా కాకుండా బోర్లించిన గిన్నెలా ఉండాలి. బల్లపరుపు జాలీ మీద ఒక్క ఆకు అడ్డం పడితే చాలు, మూసుకుపోతుంది. ఇక్కడ నిద్రగన్నేరు ఆకులు, మా ఊళ్లో వేపాకు. మా ఇంటి పక్కనే వేపచెట్టు ఉంది, దాన్ని కొట్టేయమని మాత్రం నేను చెప్పలేను.

జాలీ మూసుకుపోయిన రోజు ఏమవుతుందో కూడా ఆలోచించాలి. పిట్టగోడల నడుమ పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే మా స్లాబు మీద పదకొండు టన్నుల బరువు. అందుకే పిట్టగోడకు స్లాబు నుంచి మూడించుల ఎత్తులో ఒక కన్నం వదలమన్నాను. మామూలు రోజుల్లో అందులోంచి చుక్క రాదు. దానిలోంచి నీళ్లు దూకుతున్నాయంటే పైపులు మూసుకున్నాయని ఇంట్లో వాళ్లకు తెలుస్తుంది. మేస్త్రీ మామకు అన్నిటికంటే నచ్చింది ఈ కన్నమే. తర్వాత ఊళ్లో తాను కట్టిన ఇంకో రెండు ఇళ్లకు కూడా పెట్టాడు.

సింగపూర్‌లో నిలిచిన నీళ్లంటే ఇంకో భయం ఉంది, డెంగ్యూ. చూరు కాలువ కొంచెం కుంగి బొట్టెడు నీళ్లు నిలిచినా దోమ గుడ్లు పెడుతుంది. తనిఖీ వాళ్లు వచ్చి చూస్తారు, జరిమానా వేస్తారు. కాలువకు క్లాంపులు దగ్గర దగ్గరగా కొట్టడం అందుకే. ఇక పిడుగుల హెచ్చరిక మోగితే కప్పు మీద పని ఆపి దిగిపోతాం. కూలీ ఆగుతుంది, ప్రాణం నిలుస్తుంది.

మన ఎండకు పీవీసీ పైపు సంగతి వేరు. ఇక్కడ వేడి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. మన దగ్గర తెల్లవారుజామున చల్లగా ఉన్న పైపు మధ్యాహ్నానికి ముట్టుకోలేనంత కాలుతుంది. పది అడుగుల పైపు ఆ తేడాకు ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది. అన్ని అతుకులూ గమ్ముతో బిగిస్తే సాగే చోటు లేక పైపు వంగుతుంది, క్లాంపు ఊడుతుంది. రబ్బరు రింగు ఉండే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (మురుగు నీళ్లకూ వాన నీళ్లకూ వాడేది) తీసుకొని, ఒక్కో అతుకులో పది మిల్లీమీటర్లు వెనక్కి లాగి వదిలేయాలి. అందులో ఏ టైపు, బీ టైపు అని ఉంటాయి. వాన నీళ్లకు ఏ టైపు, లెట్రిన్ పైపుకు బీ టైపు. షాపులో అడిగి తీసుకోవాలి.

కిందికి దిగిన నీళ్లు ఎటు పోవాలి? మామ దీన్ని చివర్లో అడిగాడు. నాకైతే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మొదటి ఏడాది ఇక్కడ కప్పుల మీద పని చేస్తూ నేను లోలోపల బాధపడేవాణ్ణి. మా ఊళ్లో బోరు ఆరువందల అడుగులు దించినా నీళ్లు పడలేదు. నేను ఇక్కడ కూర్చొని ఇంత మంచి నీళ్లను సముద్రంలోకి తోస్తున్నానే అనిపించేది. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో టీ తాగుతూ ఫోర్‌మన్ అన్నతో అదే అన్నాను. "ఎవరు చెప్పారు నీకు సముద్రంలోకి పోతాయని?" అన్నాడు. అప్పుడు తెలిసింది. ఈ చిన్న దేశంలో మూడింట రెండు వంతుల నేల మీద పడే వాన కాలువల్లోంచి 17 జలాశయాలకు చేరుతుందట. ఊరి నడుమ 2008లో కట్టిన మరీనా బ్యారేజీ వెనక నిలిచే నీళ్లూ అవే. శుద్ధి చేసి నల్లాల్లోకి పంపుతారు. అంటే నేను పైపు దింపిన ఇళ్ల వాన ఎక్కడో ఒకచోట మళ్లీ ఎవరి గ్లాసులోకో వస్తోంది. ఆ సాయంత్రం మనసు తేలికపడింది.

మా తాత నాగార్జునసాగర్ కట్టినప్పుడు రాళ్లు మోసినవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ప్రాజెక్టులు కట్టినవాళ్లు. ఊరూరికీ నీళ్లు నిలిపి ఇచ్చి, సొంత ఊరికి వచ్చేసరికి బిందె పట్టుకొని లైన్లో నిలబడ్డారు. ఇల్లు కట్టుకునేటప్పుడైనా ఆ స్లాబు మీద పడే నీళ్లను వీధిలోకి వదలకూడదని నాకు గట్టిగా అనిపించింది. మా 111 చదరపు మీటర్ల మీద 600 మిల్లీమీటర్ల వాన అంటే 66,600 లీటర్లు. ఎండకు ఆరేది, చింది పోయేది తీసేసినా యాభై వేల పైనే. అయిదు వేల లీటర్ల ట్యాంకరుకు పది ట్యాంకర్లు. ఎండాకాలం మా వీధిలో ట్యాంకరు వస్తే ఎలా ఎగబడతారో మామకు నేను చెప్పాల్సిన పని లేదు.

అందుకని మూడు పైపులనూ ఇంటి వెనక ఒక్కచోటికి కలిపి, బోరు పక్కన ఇంకుడు గుంత తీయించాం. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. తొలి వానకు స్లాబు మీది దుమ్మూ పిట్టల రెట్టా వస్తాయి కాబట్టి, ఆ నీళ్లను పక్కకు మళ్లించేందుకు, తీసి పెట్టే మూత ఉన్న పక్క దారి ఒకటి పెట్టించాం. గుంత మాత్రం పునాదికి పది అడుగుల దూరంలో ఉండాలని పట్టుబట్టాను. మా వీధి ఎర్రనేలే, కానీ నల్లరేగడి ఉన్న గద్వాల, అలంపూర్ వైపు వాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పైపు నీళ్లు గోడ మొదట్లోనే పడుతుంటే ఒక మూల పునాది తడుస్తూ, ఇంకో మూల ఎండుతూ, రెండు మూడేళ్లలో గోడ మీద ఏటవాలు పగులు వస్తుంది. పగులు చూసి మేస్త్రీని తిడతారు. తప్పు పైపుది.

మేస్త్రీ మామ మరుసటి రోజు పొద్దున్నే మహబూబ్‌నగర్ పోయి నాలుగించుల పైపులు తెచ్చాడు. కాంక్రీటు ఒక పూట ఆలస్యమైంది. కూలీలకు ఆ పూట కూలీ నేనే పంపాను, అది న్యాయం.

జూన్ రెండో వారంలో వాన పడింది. అమ్మ ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోన్ తీసుకెళ్లి పైపు పక్కన పట్టింది. గుడగుడ లేదు. నీళ్లు చుట్టూ జారుతూ దిగుతున్న సన్నని చప్పుడు ఒక్కటే వినపడింది. "గుంత సగం నిండింది బిడ్డా. వంటింటి దిక్కు పైపు మాత్రం గాలికి ఊగుతున్నది" అంది. అక్కడ ఆరడుగులకు ఒక క్లాంపు రావాల్సింది, మామ పది అడుగులకు కొట్టాడు. సంక్రాంతికి వస్తున్నాను, నేనే కొడతాను, అంతవరకు దాన్ని కిటికీ ఊచకు తాడుతో కట్టించమని అమ్మకు చెప్పాను.