ఎమర్జెన్సీ పిల్ వేసుకున్నాక తెలిసిన సంగతులు
కండోమ్ చిరిగిందని చూడగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, పీరియడ్ అయిపోయి కొన్నాళ్ళే కదా ఏం కాదులే అన్నారు మా ఆయన, కానీ నాకు మనసొప్పక పొద్దున్నే డాక్టర్ దగ్గరికెళ్ళా, ఎంత మంచిపనైందో. స్పెర్మ్ లోపల 5 రోజుల దాకా బతికుంటుందంట, ఎగ్ మాత్రం ఒక్క రోజే, అందుకే అండం విడుదలకి ముందు రోజులే ఎక్కువ రిస్క్ అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఎమర్జెన్సీ పిల్, అంటే కలిశాక గర్భం రాకుండా వేసుకునే మాత్ర, చేసేది కూడా ఆ విడుదలని వెనక్కి జరపడమే. అది అయిపోయాక వేసుకుంటే పెద్దగా పని చెయ్యదు, అందుకే లెవోనార్జెస్ట్రెల్ అనే రకం పిల్ కలిసిన 72 గంటల్లోపు అంటారు గానీ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. యులిప్రిస్టాల్ అనే ఇంకో రకం పిల్ అయితే 120 గంటల దాకా. అన్నిటికంటే గట్టిగా పనిచేసేది 5 రోజుల్లోపు గర్భసంచిలో వేయించుకునే కాపర్ టీ అంట, ఇది నాకు ముందు ఎవ్వరూ చెప్పలేదు, ఆడపిల్లలందరికీ చెప్పాల్సిన విషయం కదా ఇది!

ఇంకోటి, ఈ ఎమర్జెన్సీ పిల్ అబార్షన్ మాత్ర కాదండీ, గర్భం వచ్చేసుంటే దాన్ని ఏం చెయ్యదు, ఈ భయంతోనే ఎంతమంది ఆగిపోతున్నారో పాపం. వేసుకున్న 3 గంటల్లోపు వాంతైతే మళ్ళీ వేసుకోవాలి, ఆ తర్వాత కలిస్తే మాత్రం ఈ మాత్ర కాపాడదు, వేరే జాగ్రత్త ఉండాల్సిందే. తర్వాతి పీరియడ్ కొంచెం అటూఇటూ అవ్వొచ్చు, వారం దాటినా రాకపోతే టెస్ట్ చేసుకోండి, ఒక్కరే కుమిలిపోతూ కూర్చోకండి ప్లీజ్.