చెరిపి మళ్లీ రాసుకునే కణాలు

అండాలు, శుక్రకణాలు ఎలా రూపుదిద్దుకుంటాయో కొంతకాలంగా పట్టుదలగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఆశ్చర్యం పెరుగుతూనే ఉంది. మానవ పిండం నాలుగో వారానికి చేరేసరికే, ముందుముందు అండాలుగానో శుక్రకణాలుగానో మారవలసిన కొద్దిపాటి మూలకణాలు పచ్చసొన సంచి గోడలో కనిపిస్తాయి. అక్కడి నుంచి అవి పేగు గోడ వెంబడి పాకుతూ, బీజకోశాలు ఏర్పడబోయే చోటికి చేరుకుంటాయి.

నన్ను కట్టిపడేసిన ఘట్టం ఆ ప్రయాణంతోనే మొదలవుతుంది. డీఎన్ఏ అక్షరక్రమం చెక్కుచెదరదు గాని, ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించడంలో పాలుపంచుకునే మిథైల్ గుర్తులు (డీఎన్ఏకు అతుక్కుని ఉండే చిన్న రసాయన ముక్కలు) చాలావరకు చెరిగిపోతాయి. జన్యువు తాలూకు రెండు ప్రతుల్లో ఇది తల్లిది, అది తండ్రిది అని తెలిపే ముద్రలు కూడా మిగలవు. కొత్త ముద్రలు పడటం మగశిశువులో పుట్టకముందే మొదలవుతుంది; ఆడవారిలో మాత్రం పుట్టిన తర్వాత, అండం పెరిగే దశలో జరుగుతుంది. అంటే ఒక స్త్రీకి తన తండ్రి నుంచి సంక్రమించిన క్రోమోజోము సైతం ఆమె అండంలో తల్లి ముద్రతోనే బిడ్డకు చేరుతుంది. ఈ విషయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఈ ముద్రల అవసరాన్ని 1984లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు తేల్చిచెప్పాయి: జన్యుభాగాలు రెండూ తల్లివే అయినా, రెండూ తండ్రివే అయినా పిండం నిలవలేదు. మనుషుల్లో 15వ క్రోమోజోములోని ఒకే ప్రాంతంలో తండ్రి వైపు జన్యువుల పని లోపిస్తే ప్రాడర్-విల్లీ, తల్లి వైపుది లోపిస్తే ఏంజెల్మన్ అనే వేర్వేరు రుగ్మతలు వస్తాయి. జన్యుశాస్త్రం నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఈ ఉదాహరణను మొదట్లోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. ఇక డీఎన్ఏలో పదేపదే కనిపించే కొన్ని భాగాలు ఇంతటి చెరిపివేతను కూడా తప్పించుకుంటాయి. ప్రస్తుతం వాటి గురించే చదువుతున్నాను.