బొగ్గు తర్వాత ఏంటని బాలానగర్‌ను అడిగొచ్చాం

మా ఇల్లెందులో జీతాల రోజు సాయంత్రం బట్టల షాపు నుంచి మటన్ కొట్టు దాకా అన్నీ కళకళలాడతాయి. నా మోటార్ వైండింగ్ షాపుకు పాత బాకీలు వసూలయ్యేది కూడా ఆ రోజే. మా దగ్గర కంపెనీ అంటే సింగరేణి ఒక్కటే. 1889లో తొలిసారి బొగ్గు తీసింది ఇక్కడే. అందుకే పాతవాళ్లు మా ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. ఆ అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. ఇప్పుడు ఓపెన్‌కాస్టులే దిక్కు.

1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్ష మందికి పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, అప్పటికంటే మూడింతలకు పైగా వస్తోంది. మా నాన్నది తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం. ఆయన కళ్లముందే తట్ట పోయి, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ మిషన్ వచ్చింది. మిషన్ వస్తే మనుషులు తగ్గుతారని మా ఇళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మాకు తెలియాల్సింది ఒకటే, తగ్గాక ఊరు దేని మీద బతకాలి?

మా అక్క కొడుకు ఐటీఐలో ఫిట్టర్ పాసై ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ల నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే డిపెండెంట్ ఉద్యోగం వస్తుందని చుట్టాలంతా అంటుంటారు. తండ్రి ఆరోగ్యం పాడైతే తప్ప కొడుక్కి దారి దొరకదన్న లెక్క నాకు మింగుడు పడలేదు. పెద్ద కంపెనీలు పోయినా బతికిన చోటు ఒకటి చూడాలనిపించింది. హైదరాబాద్‌లోని బాలానగర్ గుర్తొచ్చింది. నా షాపుకు బేరింగులు, షాఫ్టులు అక్కడి నుంచే తెప్పిస్తాను. మేనల్లుణ్ని వెంటబెట్టుకుని డోర్నకల్ జంక్షన్‌లో రాత్రి రైలెక్కాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, టీ తాగి, బోయిన్‌పల్లి మీదుగా వెళ్లే బస్సెక్కాం. బాలానగర్‌లో 2021లో ఫ్లైఓవర్ వచ్చాక పైనుంచి వెళ్లేవాళ్లకు కింద ఏముందో కనబడటం లేదు. అసలు బాలానగర్ కిందే ఉంది. వరసగా బేరింగుల దుకాణాలు, హైడ్రాలిక్ పైపుల దుకాణాలు, ఈఎన్8 రకం ఉక్కు రౌండ్ బార్లు కోసిచ్చే కొట్లు, సెకండ్‌హ్యాండ్ మిషన్లు అమ్మేవాళ్లు. సందులోకి తిరిగితే కటింగ్ ఆయిల్ వాసన. ట్రాలీ ఆటోలో ఇనుప కడ్డీలు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పోతుంటాయి. ఒకరు టర్నింగ్ చేస్తే ఇంకొకరు మిల్లింగ్, మూడో షెడ్డులో హార్డెనింగ్, నాలుగో షెడ్డులో గ్రైండింగ్. ఒక్క పార్టు తయారయ్యేలోపు నాలుగు గడపలు తొక్కుతుంది. నలుగురికీ నాలుగు రూపాయలు మిగులుతాయి.

గాంధీనగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నాకు షాఫ్టులు చేసిచ్చే అన్న ఉన్నాడు. డెబ్భైకి దగ్గర పడ్డాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆల్విన్‌లో అప్రెంటిస్ చేశాడు. ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. 1942లో మొదలైన కంపెనీ. హైదరాబాద్ డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, తర్వాత వాచీలు అక్కడే తయారయ్యేవి. ఈ చుట్టుపక్కలే మిషన్లు చేసే హెచ్ఎంటీ, మందులు చేసే ఐడీపీఎల్ ఉండేవి. ఒక్కోదాని గేటు ముందు షిఫ్టు సైరన్‌కు వందల సైకిళ్లు నిలబడేవట. 1990లు వచ్చేసరికి ఒకటి అమ్ముడుపోయింది, మిగతావి నీరసించాయి. ఈ అన్నలాంటి వాళ్లు వచ్చిన డబ్బుతో పాత లేత్ ఒకటి కొని షెడ్డు అద్దెకు తీసుకున్నారు.

"కంపెనీ పోయింది గానీ చేయి పోలేదు కదా తమ్మీ" అన్నాడాయన, పాత హెచ్ఎంటీ లేత్ మీద చెయ్యి వేసి. అది ఇప్పటికీ నడుస్తోంది. దాని పక్కనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే రెండు సీఎన్‌సీ మిషన్లు, అలాగే నడిచే మిల్లింగ్ మిషన్ వీఎంసీ ఒకటి.

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ, ఈ ప్రాంతం చరిత్రంతా అందులో ఉంది. హెచ్ఎంటీలో పనిచేసిన ఇంజినీర్లు 1970లో పాత మిషన్లు బాగుచేసే యూనిట్‌గా పెట్టిన ఎంటార్ కంపెనీ ఇవాళ ఇస్రో రాకెట్లకు వికాస్ ఇంజిన్లు చేసిస్తోంది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ మందుల పరిశ్రమకు ఐడీపీఎలే బడి అయింది. కంపెనీ మూతపడినా అది నేర్పిన పని ఊళ్లో మిగిలింది. మరి సింగరేణి మా ఊళ్లో ఏ పని మిగిల్చి పోతుంది? పంపులు, గేర్‌బాక్సులు, కన్వేయర్లు, పెద్ద మోటార్లు బాగుచేయగలవాళ్లు మా వర్క్‌షాపుల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్లంతా రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు. ఆ పని ఎవరికీ అప్పజెప్పడం లేదు. నాకు భయమంతా ఇక్కడే.

మేనల్లుడు మిషన్ల దగ్గరే నిలబడిపోయాడు. వీఎంసీ అద్దం వెనక పాలలాంటి కూలెంట్ కొడుతుంటే అల్యూమినియం దిమ్మె మీద కట్టర్ తిరుగుతోంది. ఆపరేటర్ కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రామ్ తెచ్చి ఎక్కించాడు. మొదటి ముక్క తీసి తుడిచి, మైక్రోమీటర్ పెట్టి చూసి, ఆఫ్‌సెట్ ఒక పిసరు మార్చాడు. తేడా ఎంతన్నా అనడిగాను. పదిహేను మైక్రాన్లన్నాడు. మనిషి వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల వరకు ఉంటుంది. అందులో అయిదో వంతు తేడాకు ముక్క రిజెక్టవుతుంది.

అన్న ఒక డ్రాయింగ్ తీసి మావాడి చేతికిచ్చి చదవమన్నాడు. కొలతలన్నీ గబగబా చదివేశాడు. ఒకచోట చిన్న పెట్టెలో సున్నా, దాని మీద అడ్డం నిలువు గీతలు ఉన్నాయి. అక్కడ ఆగాడు. "ఇది మాకు చెప్పలే" అన్నాడు. అన్న సుద్దముక్క తీసుకుని నేల మీద గీశాడు. రంధ్రం సైజు కరెక్టుగా ఉన్నా, ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగితే ఒప్పుకుంటారో చెప్పే గుర్తు అది. బయటి కంపెనీల డ్రాయింగులన్నీ ఇప్పుడు ఈ భాషలోనే వస్తాయట. రెండు సంవత్సరాల ఫిట్టర్ కోర్సు చదివిన పిల్లాడికి అది తెలియదు. పావుగంటలో నేల మీద సుద్దతో నేర్చుకున్నాడు.

"మిషన్‌కు బ్యాంకు లోను ఇస్తది. కొలిచి కాగితం ఇచ్చేవాడు దొరకాలె. ఆ కాగితం లేకపోతే ఎంత మంచి ముక్కైనా తుక్కే" అన్నాడు అన్న. విమానాలకు, రాకెట్లకు వెళ్లే పార్టులను సీఎంఎం మీద కొలవాలి. గ్రానైట్ బల్ల మీద చిన్న కెంపు మొనతో ముక్కను తాకుతూ పాయింటు పాయింటుకు కొలిచే మిషన్ అది. లోహం వేడికి సాగుతుంది కాబట్టి కొలతకు ప్రమాణం 20 డిగ్రీలు. అంటే రోజంతా ఏసీ నడిచే గది కావాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద అది కుదరదు. ఒక్కో షెడ్డు సొంతంగా కొనలేదు కాబట్టి పదిమందికీ కలిపి కొలిచే చోటు ఒకటి ఉండాలి. కొత్త టెక్నాలజీకి ఊరిని సిద్ధం చేయడం అనగానే అందరూ కంప్యూటర్ల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ ఏసీ గదే ముందు కనబడింది.

రెండోది డబ్బు చేతికందడం. ఒక పెద్ద కంపెనీ తనకు అయిదు నెలలైనా బిల్లు ఇవ్వలేదని, ఆ టెన్షన్‌తో ఇద్దరు కుర్రాళ్లను తీసేయాల్సి వచ్చిందని అన్న చెప్పాడు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉంది. చెల్లించకపోతే, డబ్బిచ్చేదాకా ఆ ఖర్చును ఇన్‌కంటాక్స్ లెక్కలో చూపుకోకుండా 2024 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన కూడా వచ్చింది. అడిగితే మళ్లీ ఆర్డరివ్వరేమోనని షెడ్డువాళ్లు అడగరు. ఒక్కడు అడగలేనిది సంఘంగా అడగొచ్చు. మా యూనియన్లకు ఈ విద్య బాగా తెలుసు.

అక్కడికి దగ్గర్లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. ఐక్యరాజ్య సమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో పెట్టింది. పదో తరగతి అయ్యాక నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ డిప్లొమా ఉంటుంది. గేటు దగ్గర టీ తాగుతున్న పిల్లలతో మాట్లాడాం. ఒకమ్మాయిది మహబూబాబాద్ జిల్లా. గోళ్లలో గ్రీజు. తను చేసిన ప్రెస్ టూల్ ఫొటో ఫోన్‌లో తీసి, పంచ్‌కు, డైకి మధ్య సందు ఎంత ఉండాలో మావాడికి వివరంగా చెప్పింది. ఫ్యాక్టరీలు మంచి ఊపులో ఉన్న రోజుల్లోనే ఈ బడి కట్టారు. అవి పడిపోయాక కట్టి ఉంటే నేర్పేవాళ్లు దొరికేవాళ్లు కాదు. మా ఊరు ఇంకా జీతాలు పడుతున్న ఊరు. చేస్తే ఇప్పుడే చేయాలి.

బాలానగర్ స్టేషన్లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి అన్నం తిన్నాం. మైత్రీవనం చుట్టూ బోర్డుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఏఐ, డేటా సైన్స్. పాతికేళ్లుగా ఇక్కడి పిల్లలు కోర్సు మారినప్పుడల్లా మళ్లీ ఫీజు కట్టి మళ్లీ నేర్చుకుంటున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ ఆ భారమంతా ఒక్కో ఇంటి మీదే పడుతోంది, పొలం అమ్మి పంపినవాళ్లు మా వైపు కూడా ఉన్నారు. నేర్పే బాధ్యత ఊరుమ్మడిగా ఉండాలనేది అక్కడ తిరిగాక నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం నీలం లైన్లో రాయదుర్గం వెళ్లి, ఆటోలో టీ-వర్క్స్ చేరుకున్నాం. 2023 మార్చిలో తెరిచారు, 78 వేల చదరపు అడుగులు. ఎవరికైనా కొత్త వస్తువు ఆలోచన ఉంటే, ఇక్కడి మిషన్ల మీద మొదటి నమూనా చేసుకోవచ్చు. 3డీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, ఎలక్ట్రానిక్స్, చెక్కపని, లోహపు పని అన్నీ ఒకే కప్పు కింద. పక్కనే 2022లో తెరిచిన టీ-హబ్ కొత్త భవనం.

నేను ఎలక్ట్రానిక్స్ విభాగం దగ్గర కదల్లేదు. నా షాపుకు వచ్చే ఫ్యాన్లలో ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే బీఎల్‌డీసీవి ఏడాదికేడాది పెరుగుతున్నాయి. వాటిలో వైండింగ్ కాలడం తక్కువ, బోర్డే పోతుంది. వైండింగ్ ఒక్కటే నమ్ముకున్నవాడికి అది చేతికందని జబ్బు. ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటీలు కూడా అదే దారి. తెలంగాణలో వాటికి 2026 చివరిదాకా రోడ్ ట్యాక్స్ మినహాయింపు కూడా ఉంది కాబట్టి మా రోడ్ల మీదికి ఇంకా వస్తాయి. ఆ మోటారు తిరగాలంటే కంట్రోలర్ ఏం చేస్తుందో ఒకతను ఆసిలోస్కోప్ మీద గీతలు చూపిస్తూ చెప్పాడు. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్నాను కాబట్టి సగం ఇట్టే అర్థమైంది. మిగతా సగం నేర్చుకోగలనన్న నమ్మకం కలిగింది. నాలాంటి వైండర్లు కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరుల్లో ఎంతో మంది ఉన్నారు. అందరికీ ఇది చేరాలి.

ఇక్కడ నమూనా చేసినవాళ్లు తర్వాత వంద ముక్కలు, వెయ్యి ముక్కలు ఎక్కడ చేయిస్తారని అడిగితే బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి అన్నారు. రెంటికీ పరిచయం ఉన్న మనిషి ఒకడు ఉంటేనే పని కదులుతుందట. మా జిల్లాకు ఆ మనిషి లేడు.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. మల్లేపల్లిలో 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. చాలా మంచి పని. అయితే చుట్టూ జాబ్ వర్క్ ఇచ్చే షెడ్లు లేని మా లాంటి ఊళ్లలో ఆ మిషన్ల మీద పిల్లలు ప్రాక్టీసు ముక్కలు కోసి సర్టిఫికెట్ తీసుకుని మళ్లీ హైదరాబాద్ బస్సెక్కుతారు. ఆర్డర్ కూడా రావాలి. సింగరేణి కొనే పంపు ఇంపెల్లర్లు, రోలర్లు, బుష్‌లలో కొంత భాగం స్థానిక యూనిట్లకు ఇస్తే మొదటి అయిదేళ్లు గడుస్తాయి. ఆలోపు బయటి ఆర్డర్లకు తగ్గ చేతులు తయారవుతాయి.

తిరిగొచ్చాక గ్రంథాలయంలో కూర్చున్నాం. రిటైరైన వర్క్‌షాపు ఫోర్‌మన్లు, మహిళా సంఘాల లీడర్లు, షాపులవాళ్లు వచ్చారు. డబ్బెక్కడిదన్న ప్రశ్న వచ్చింది. గనులున్న జిల్లాలకు 2015 నుంచి డీఎంఎఫ్‌టీ అనే జిల్లా ఖనిజ నిధి ఉంది. దాన్ని ముందుగా ఖర్చు చేయాల్సిన వాటిలో నైపుణ్య శిక్షణ ఉంది. మా దగ్గర సీసీ రోడ్ల మాట వచ్చినంతగా శిక్షణ మాట రాలేదు. ఈసారి కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చే అర్జీలో కొలత గది ఒకటి, మోటార్ కంట్రోలర్ల శిక్షణ ఒకటి అడుగుతున్నాం. నేర్పడానికి ఇద్దరు ఫోర్‌మన్లు పేర్లిచ్చారు. బాలానగర్ అన్న ఏటా కొందరు పిల్లలను ఆరు నెలల చొప్పున తన షెడ్డులో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. డ్రాయింగ్ చదవడం వచ్చాకే పంపమని షరతు పెట్టాడు.

అక్కకు నచ్చజెప్పడానికి కొంచెం సమయం పట్టింది. బావే ముందు సరే అన్నాడు. మేనల్లుడు మొదటి బ్యాచ్‌లో వెళ్తున్నాడు. ఫతేనగర్‌లో గది దొరికింది, అడ్వాన్సు కట్టేశాం.