ప్రాజెక్టు ల్యాబ్, 6713 బోర్డు, మన సారు

కాలేజీ రోజుల గురించి రాయమని కమిటీ వాళ్లు అడిగారు కాబట్టి నాలుగేళ్ల గురించీ రాయొచ్చు. కానీ నాకు రాయాలనిపించేది చివరి సెమిస్టర్ ల్యాబ్ గురించే: 6713 అనే సిగ్నల్ ప్రాసెసర్ బోర్డు మీద, శబ్దాన్ని వస్తుండగానే మలిచే ప్రోగ్రాములు రాసిన ల్యాబ్.

"పిన్ ఎత్తు, పిన్ దించు." ఇది సారు మాటేనని చెప్పక్కర్లేదుగా! ఇంటరప్ట్‌లోకి, అంటే కొత్త శాంపిల్ (శబ్దపు ఒక్కో కొలత) రాగానే నడిచే కోడ్‌లోకి, వెళ్లగానే బోర్డు మీద ఒక పిన్ హై, బయటికొస్తూ లో. ఆసిలోస్కోప్‌లో కనిపించే పల్స్ వెడల్పే మన కోడ్ తిన్న సమయం. 225 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకు 48000 శాంపిళ్లు): శాంపిల్‌కి దక్కేది 4687 సైకిళ్లు. సగటు సరిపోయిందంటే సారు ఊరుకునేవారు కాదు. స్కోప్‌ను పర్సిస్టెన్స్‌లో (పాత గీతలు చెరిగిపోకుండా ఉంచే పద్ధతిలో) పెట్టి, పల్స్ కుడి అంచు ఎంతవరకు జరిగిందో చూడమనేవారు. ఒక్కసారి గడువు దాటినా స్పీకర్ టిక్కుమంటుంది. ఇంటరప్ట్‌లో ప్రింట్‌ఎఫ్ (తెర మీద రాసే నెమ్మదైన ఆదేశం) పెట్టి గడువు దాటించిన బ్యాచ్ సంగతి మీకు తెలిసిందే.

తర్వాత బ్లాకులు, అంటే శాంపిళ్లను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా మలచడం. 64 శాంపిళ్లంటే 1.33 మిల్లీసెకన్లు. డీఎంఏ (ప్రాసెసర్‌ను కదపకుండా డేటా మోసే భాగం) ఒక బఫర్ నింపుతుంటే మనం రెండోదాన్ని మలుస్తాం, కనుక ఆలస్యం కనీసం రెండు బ్లాకులు. అదే 1024 పెడితే రెండు బ్లాకులకు 42.7 మిల్లీసెకన్లు, హెడ్‌ఫోన్‌లో తన గొంతు వెనకబడి వినిపిస్తే ఎవరూ పాడలేరు.

అందరికంటే శ్రుతి పట్టింపు, మీటిన తీగ శబ్దాన్ని కోడ్‌తో పుట్టించే తీగ ప్రాజెక్టు వాళ్లది. కార్‌ప్లస్, స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన పద్ధతి: డిలే లైన్‌లో (శాంపిళ్లను కొంతసేపు ఆపి ఇచ్చే వరుసలో) నాయిస్ నింపి, పక్కపక్క శాంపిళ్ల సగటును మళ్లీ లోపలికి పంపడం. 440 హెర్ట్జ్‌కి ఆ వరుస పొడవు 48000/440 అంటే 109.09 శాంపిళ్లు. సగటు తీయడంలోనే అర శాంపిల్ పోతుంది, మిగిలింది 108.59. పూర్ణాంకం కావాలని 109 పెడితే 438.4 వస్తుంది, చెవికి తెలుస్తుంది. పై స్థాయిలో (ఆక్టేవ్‌లో) తేడా ఇంకా పెరుగుతుంది. 108 శాంపిళ్లు ఉంచి, మిగతా 0.59కి ఫస్ట్ ఆర్డర్ ఆల్‌పాస్ (బలం మార్చకుండా ఆలస్యం మాత్రమే కలిపే ఫిల్టర్) తగిలిస్తే (గుణకం 0.41/1.59, అంటే 0.258) తీగ శ్రుతిలో పడింది. ఆ రోజు సారు ముఖం చూడాలి!

పాడే గొంతు శ్రుతిని పట్టే గొంతు ప్రాజెక్టుకు ఆటోకోరిలేషన్: శబ్దాన్ని జరిపిన తన నకలుతోనే పోల్చి, ఎంత జరిపితే సరిపోలుతుందో చూడడం. అదాటున ఒక స్థాయి కిందికి దూకడం దాని జబ్బు. మొదటి బలమైన శిఖరాన్నే ఎంచుకుంటే చాలావరకు తగ్గుతుంది. 80 హెర్ట్జ్ గొంతు పట్టాలంటే రెండు ఆవర్తనాలు, 25 మిల్లీసెకన్లు చూడాల్సిందే. బఫర్ ఎంత చిన్నదైనా ఇది తప్పదు.

మనవాళ్లు కొందరు ఇవాళ వినికిడి యంత్రాలు తయారుచేస్తున్నారని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. అక్కడ మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లలోపు ఉంచాలని చూస్తారు. దాటితే చెవిలోకి నేరుగా వచ్చే శబ్దంతో కలిసి గొంతు డొల్లగా మారుతుంది. అందుకే అక్కడ ఎక్కువసేపు చూడాల్సిన లెక్కలను పక్కదారిలో నడిపి, శబ్దాన్ని మాత్రం ఆపకుండా పంపేస్తారు.